గుట్ట మీదికి గురువుగా వెళ్ళిన ఎద్దు

వెనకటికి ఏటికి ఇవతల నల్లరేగడి, అవతల రాళ్ళగుట్టలు ఉన్న రాజ్యం ఒకటి ఉండేది. పేరు వెండికోట. తెల్లటి ఎడ్లకి పేరుపడ్డ రాజ్యమది. దాన్ని ఏలే ఉద్దండ భూపతికి ఆ ఎడ్లంటే ఎంత గొప్పంటే, పట్టపురాణి పేరడిగితే ఒక్క క్షణం ఆలోచించేవాడు గాని, పట్టపుటెద్దు పేరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

ఆ ఎద్దు పేరు మందరం. పుట్టింది మొదలు దాని మెడ మీద కాడి పడలేదు. రోజుకు నాలుగు పూటలా ఉలవలు, బెల్లం, పత్తిగింజలు. మేత పెట్టే ముందు కోటలో నగారా మోగాలి. మోగకపోతే గడ్డిపరక ముట్టదు. మూపురం బరువెక్కి ఒక పక్కకి ఒరిగిపోయింది, గంగడోలు దాదాపు నేలను ఊడుస్తుండేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ ఆయాసం కూడా రాజలాంఛనమేనని ఆస్థానంలో అందరూ ఒప్పుకున్నారు.

ఈ మేతంతా చూసుకునేవాడు పోలన్న. కోట గడ్డివాముల మీద అధికారి. కొలువులో అతని ఆసనం చిట్టచివర, స్తంభం చాటున ఉండేది. నోరు మాత్రం ముందు వరుసలో ఉండేది. రాజు విసుక్కునేవాడు, నవ్వేవాడు, మళ్ళీ విసుక్కునేవాడు. అందుకే ఉద్యోగం పోలేదు, పెరగనూ లేదు.

ఒకసారి పొరుగురాజు దూత ఒకడు గుట్టల దారిన కోటకు వచ్చాడు. భోజనాలయ్యాక తాంబూలం నములుతూ, "తమ రాజ్యంలో మేకలు బాగా బలంగా ఉన్నాయి ప్రభూ. వాటిని నాగలికి కూడా కడుతున్నారే" అన్నాడు. గుట్టల మీద ఎడ్లను చూసి అన్న మాట అది. ఉద్దండ భూపతికి తల కొట్టేసినట్టయింది.

దూత వెళ్ళిపోగానే ఆస్థాన పండితుడు పృథులాచార్యుల్ని పిలిపించాడు. ఆచార్యులవారిది పేరుకు తగ్గ విగ్రహం. ఆయన పొట్ట ముందు కొలువులోకి వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవారు. మేలుజాతి ఎద్దు ఎలా ఉండాలో శాస్త్రం రాయమని రాజు ఆజ్ఞాపించాడు. ఆచార్యులు వెండి తొడుగు వేసిన కొలబద్ద ఒకటి చేయించి, తిన్నగా మందరం దగ్గరికెళ్ళి, దాన్ని కొమ్ము నుంచి తోక కుచ్చు దాకా కొలిచి, ఆ కొలతలే ముప్పైరెండు లక్షణాలుగా సంస్కృత శ్లోకాల్లో పెట్టారు. మూపురం మూరెడు ఉండాలి. గంగడోలు మూడు మడతలు పడాలి. నడుస్తుంటే పొట్ట ఊగాలి. గిట్టలు అద్దంలా మెరవాలి. ఒళ్ళు మల్లెపూవులా ఉండాలి. ఇలాగే ముప్పైరెండూ. గ్రంథానికి 'గోప్రమాణ చంద్రిక' అని పేరు పెట్టారు.

మర్నాడే చాటింపు. రాబోయే ఏరువాక పున్నమికి పది రోజుల ముందు ఎడ్లన్నిటినీ కోట మైదానంలో కొలుస్తారు. సగం లక్షణాలైనా లేని ఎద్దు వెండికోట జాతిది కాదు. అది ఎవరి సొమ్మయినా సరే, పొలిమేర దాటించేస్తారు.

చాటింపు విన్న మూడో రోజున బూదెమ్మ పోలన్నను వెతుక్కుంటూ గడ్డివాముల దగ్గరికొచ్చింది. గుట్టపాలెంలో పెద్ద తలకాయ ఆవిడ. డెబ్బై ఏళ్ళుంటాయి. వెనకాల తాడు పట్టుకుని తన ఎద్దును నడిపించుకొచ్చింది. దాని పేరు బుడ్డోడు. పొట్టిగా, గట్టిగా, బూడిదరంగు ఒంటితో ఉంది.

"పోలన్నా, మా బుడ్డోడికి జాతి లేదని ఎళ్ళగొడతారంట, నిజమేనా నాయనా?"

"చాటింపు విన్నావుగా పెద్దమ్మా."

"ఇనే వచ్చా. ఏరువాకకి ఎడ్లు లేకపోతే మేం ఏం కట్టి దున్నాల? నా కొడుకునీ కోడలినీ కట్టాలా కాడికి?"

పోలన్న బుడ్డోడి కాలు ఎత్తి గిట్ట చూశాడు. నల్లగా, గులకరాయిలా ఉంది.

"ఇది మీ రేగడి గొడ్డే నాయనా" అంది బూదెమ్మ. "మా తాత ఏటికి ఇవతల కొన్న ఆవు సంతానమే మా ఊరి ఎడ్లన్నీ. గుట్టెక్కినాక ఒళ్ళు దగ్గరకొచ్చింది. ఆ రాళ్ళ మీద అంతంత ఒళ్ళేసుకుని ఎట్టా తిరుగుద్ది చెప్పు?"

పోలన్నకు అది చెప్పనక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా గొడ్లకు మేత వేసినవాడు. ఒకే ఆవు కన్న దూడలే రేగడిలో పెరిగితే ఎత్తుగా బరువుగా ఎదిగేవి, వరి మాగాణుల బురదలో తిరిగితే గిట్టలు విచ్చుకుని పళ్ళేల్లా తయారయ్యేవి, గుట్టలెక్కితే తోలు బిగిసి కండ గట్టిపడేది. ఇదంతా కళ్ళారా చూశాడు. మర్నాడు కొలువులో లేచి నిలబడి ఆ మాటే చెప్పాడు.

పృథులాచార్యులు చిరునవ్వు నవ్వారు. "ఓయీ పోలన్నా, జాతి నెత్తుటిలో ఉంటుంది గాని గడ్డిలో ఉండదు. గడ్డి సంగతి నువ్వు చూసుకో. జాతి సంగతి శాస్త్రం చూసుకుంటుంది."

కొలువంతా తలలూపింది. రాజు అందరికన్నా ఎక్కువ ఊపాడు. పోలన్న చెవులు వేడెక్కాయి. ఇక వాదించి లాభం లేదని అర్థమైంది. కూర్చోబోతూ కూర్చోబోతూ, ఏదో తట్టినవాడిలా మళ్ళీ లేచాడు.

"నిజమే ప్రభూ, తప్పు నాదే. గుట్టల ఎడ్లకు నెత్తురుంది, శాస్త్రముంది, లేనిదల్లా గురువు. పాపం అవి పుట్టాక మంచి ఎద్దు మొహం చూసి ఎరుగవు. ఎలా ఉండాలో తెలియక అలా ఉండిపోయాయి. మన మందరాన్ని ఒక్క నాలుగు నెలలు గుట్టపాలెం పంపిస్తే, దాన్ని చూసి నేర్చుకుంటాయి."

ఇంత వెర్రి మాటకు ఎవరైనా నవ్వుతారని పోలన్న లోలోపల బిక్కుబిక్కుమంటూనే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. రాజు మీసం మీద చెయ్యి వేశాడు. తన ఎద్దు గురుపీఠం ఎక్కడమనే ఊహ ఆయనకు అమాంతం నచ్చేసింది.

"గురువంటే పాఠం ఉండాలిగా?" అన్నాడు రాజు.

"అందుకేగా ప్రభూ ఆచార్యులవారున్నది. మందరం నిలబడుతుంది, ఆచార్యులవారు చంద్రిక చదివి అర్థం చెబుతారు. ఆ గ్రంథం అర్థమైనవారు ఈ రాజ్యంలో ఆయనొక్కరే."

ఆచార్యులు నోరు తెరిచారు. తన గ్రంథం ఎడ్లకు అర్థం కాదని అనాలంటే మనసొప్పలేదు. అవుతుందని అనాలంటే గుట్ట ఎక్కాలి. నోరు మూసుకున్నారు.

"మరి ఆ ఊరి ఎద్దు ఒకటి మందరం కొట్టంలో ఉండి, మందరం తిన్నదే తింటూ గురుకులవాసం చేస్తే ఇంకా మంచిది" అని పోలన్న నెమ్మదిగా అతికించాడు. బుడ్డోడు అలా రాజుగారి కొట్టంలోకి వచ్చి పడ్డాడు.

ఆచార్యులకు పోలన్న మీద అనుమానం లేకపోలేదు. ఎద్దును మార్చేస్తాడేమోనని, రెండిటి మెడలోనూ రాగి బిళ్ళ కట్టి, రాజముద్ర వేయించి, దాని పక్కన తన ఉంగరం ముద్ర కూడా వేశారు. రాజు పోలన్న వైపు వేలు చూపించాడు. "నాలుగు నెలల్లో గుట్ట ఎడ్లకు మూపురాలు లేవకపోతే, నిన్ను కూడా వాటితోపాటే పొలిమేర దాటిస్తాను."

"చిత్తం" అన్నాడు పోలన్న. ఇంటికెళ్ళాక మాత్రం అన్నం సయించలేదు. మేత సంగతి తనకు తెలుసు. కానీ సుకుమారంగా పెరిగిన మందరం గుట్ట మీద మంచమెక్కితే? పొలిమేర మాట దేవుడెరుగు, మెడ మీద తలుండదు.

మాఘమాసంలో గురువుగారు ఊరేగింపుగా బయల్దేరారు. ముందు నగారా, వెనక మందరం, ఆ వెనక పల్లకిలో ఆచార్యులు. గుట్ట మొదట్లో పల్లకి మోసేవాళ్ళు ఆగిపోయి, పైకి ఎద్దునైనా మోస్తాం గాని ఆచార్యులవారిని మోయలేమన్నారు. ఆయన నడవాల్సి వచ్చింది. రెండు కోసుల గుట్ట ఎక్కడానికి ఎద్దుకూ పండితుడికీ కలిపి మూడు రోజులు పట్టింది.

ఊళ్ళో బూదెమ్మ తన రెండో ఎద్దును తీసుకొచ్చి మందరం పక్కన నిలబెట్టి, కాడి దించింది.

ఆచార్యులు అదిరిపడ్డారు. "గురువును కాడికి కడతావా?"

"మరి మా బుడ్డోణ్ణి మీరు తీసుకుపోయారు గదయ్యా. జత లేకుండా నాగలి ఎట్టా కట్టేది? అయినా ఊరికే నిలబడి చెబితే మా ఎద్దుకి ఎక్కదు. దీనికి పని చేస్తా నేర్చుకోవడమే అలవాటు. గురువుగార్ని పక్కన నడుస్తా చెప్పమనండి."

ఆచార్యులు శాస్త్రంలో వెతికారు. గురువు నడవకూడదని ఎక్కడా లేదు.

మందరం మాత్రం కదిలితేగా. మూడు రోజులు అలాగే పడుకుంది. నగారా మోగితే తల ఎత్తుతుంది, మేత ఏదని చూస్తుంది. అది చూసి బూదెమ్మ నగారా వాణ్ణి పిలిచి, గుట్ట నెత్తి మీద కూర్చుని వాయించమంది. మేత కూడా అక్కడే వేయించింది. పొద్దున్న ఒక్కసారి, సాయంత్రం ఒక్కసారి. మందరం ఊళ్ళో పడుకున్న చోటు నుంచి ఆ చప్పుడు వింది. చాలాసేపు ఆలోచించింది. తర్వాత లేచి, ఒక్కో రాయి దాటుకుంటూ పైకి వెళ్ళింది. పైన దొరికింది ఎండిన బోదగడ్డి. దాన్ని వాసన చూసి, నగారా వాడి మొహం చూసి, నిట్టూర్చి తినేసింది.

అక్కణ్ణించి పని సాఫీగా సాగింది. పైకి తోలాలంటే నగారా, నాగలికి కదలాలంటే ఆచార్యులు. చిన్నప్పటినించీ కొట్టంలో గోపూజలకు ఆయన గొంతు విన్నది గనుక, వెనకాల శ్లోకం వినిపిస్తేనే మందరం అడుగు వేసేది. ఆచార్యులు నాగలి పక్కనే నడుస్తూ, "మూపురం మూరెడు" అని మొదలుపెట్టి చాళ్ళు చాళ్ళుగా చంద్రిక అంతా చదివేవారు. వేసవి దుక్కులయ్యాయి, పెంట బండ్లు తోలారు, గట్లకు రాళ్ళు లాగారు. గ్రంథం నూటపద్ధెనిమిది సార్లు పూర్తయింది.

చైత్రంలో పోలన్న చూసిపోదామని వచ్చాడు. గట్టు మీద ఒకాయన గోచీ బిగించి, జొన్నరొట్టెలో ఉల్లిపాయ నలుచుకుని తింటున్నాడు. "ఆచార్యులవారెక్కడ ఉంటారు బాబూ?" అని పోలన్న అడిగాడు. ఆ మనిషి గుర్రుగా చూసి, "నేనేనోయ్" అన్నాడు. పోలన్నకు ప్రాణం లేచొచ్చింది. మందరం సంగతి చూడకుండానే సగం ధైర్యం వచ్చేసింది.

ఇక కోటలో బుడ్డోడి సంగతి. మొదటి వారం ఉలవల తొట్టిని అనుమానంగా చూసింది. రెండో వారం నుంచి తొట్టి అడుగు కనిపించేదాకా తల ఎత్తలేదు. పని లేదు, ఎండ లేదు, రాయి లేదు. రోజూ స్నానం. చైత్రం నాటికి మల్లెపూవు రంగు తేలింది. వైశాఖం నాటికి గంగడోలు మడతలు పడింది. రాళ్ళ మీద అరగక గిట్టలు పెరిగి మెరిశాయి. పడుకుంటే లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చారు. నగారా గుట్ట మీద ఉంది గనుక, ఆకలేస్తే తనే అరిచేది.

ఏరువాక పున్నమి పది రోజులుందనగా కోట మైదానం నిండిపోయింది. గుట్టల రైతులు నాలుగు వందల ఎడ్లను తోలుకొచ్చి ఒక పక్కన నిలబడ్డారు. కొందరు ఆడవాళ్ళు అప్పుడే ఎద్దుల మెడలు పట్టుకుని ఏడుస్తున్నారు. తెచ్చిన ఎడ్లను తోలుకుని తిరిగి వెళతామో, ఉత్త తాళ్ళు పట్టుకుని వెళతామో ఎవరికీ తెలియదు. పోలన్న ఆ ఏడుపు విన్నాడు. నవ్వులాటగా మొదలుపెట్టాడే గాని ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అంతలో కోట గుమ్మం దగ్గర గోల. ద్వారపాలకుడు ఎవరినో ఆపేశాడు.

"నేను పృథులాచార్యుణ్ణి. అడ్డు లే."

"ఆచార్యులవారిని నేనెరుగుదును. ఆయనకు ఇంత పొట్ట, గడ్డం కింద మూడు మడతలు. నీకు ఒక్కటీ లేదే" అన్నాడు ద్వారపాలకుడు. ఆచార్యులు కోపంతో రెండు శ్లోకాలు చదివారు. "గొంతు ఆయనదే. మనిషి ఆయన కాదు" అని వాడు తేల్చేశాడు. చివరికి పోలన్న వెళ్ళి, ఈయన ఆయనేనని ప్రమాణం చేస్తేగాని లోపలికి వదల్లేదు.

కొలతలు మొదలయ్యాయి. ముందు బుడ్డోణ్ణి తెచ్చారు. ఆచార్యులు వెండి కొలబద్ద పట్టారు. మూపురం సరి. గంగడోలు మూడు మడతలు సరి. పొట్ట ఊగింది. గిట్టలు మెరిశాయి. ఇరవై తొమ్మిది లక్షణాలు లెక్కకొచ్చాయి. "ఉత్తమ జాతి" అన్నారు ఆచార్యులు, గొంతు కొంచెం నీరసంగా. రాజు చప్పట్లు కొట్టాడు. "చూశారా, మన మందరం శిష్యుడు" అన్నాడు.

తర్వాత మందరం వచ్చింది. చంగుచంగున, ఆయాసం లేకుండా, బూడిదరంగు ఒంటితో. మూపురం చిన్నదై నిటారుగా నిలబడింది. గంగడోలు బిగిసిపోయింది. ఆచార్యులు కొలబద్ద పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. ముప్పైరెండింటిలో ఏడు తేలాయి.

"ఇది నా మందరం కాదు" అన్నాడు రాజు.

పోలన్న రాగి బిళ్ళ చూపించాడు. రాజముద్ర చెక్కుచెదరలేదు. పక్కన ఆచార్యుల ఉంగరం ముద్రా అలాగే ఉంది. ఇంతలో మందరం తనంతట తనే రాజు దగ్గరికి నడిచి, ఆయన మెడలోని చామంతి దండను నింపాదిగా నమలడం మొదలుపెట్టింది. రాజు కళ్ళు చెమర్చాయి. దాని నుదురు నిమిరాడు.

"ఏలినవారు సెలవిస్తే తోలుకుపోతాను ప్రభూ" అన్నాడు పోలన్న తాడు అందుకుంటూ.

"ఎక్కడికి?"

"పొలిమేర దాకా. లక్షణాలు ఏడే ఉన్నాయి. ఎవరి సొమ్మయినా సరేనని చాటింపు కదా."

ఉద్దండ భూపతి సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "నా మందరాన్ని దాటించేవాడెవడు? ఇది వెండికోట ఎద్దు. దీని తల్లిని నేనెరుగుదును, తాతనెరుగుదును. ఒళ్ళు తగ్గితే జాతి పోతుందా? గుట్టలెక్కించి, ఎండుగడ్డి తినిపించి, రాళ్ళు లాగిస్తే ఏ ఎద్దయినా ఇలాగే అవుతుంది. రేగడికి తెచ్చి మేపితే మళ్ళీ మామూలే. ఈ మాత్రం తెలియదా మీకు?"

పోలన్న తాడు కింద పెట్టి, రాజాజ్ఞలు రాసే రాయసం వైపు తిరిగాడు. "అయ్యా, అక్షరం పోకుండా రాశారా? ఏలినవారి తీర్పు అది." అని, గుట్టల రైతుల వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ అదే తీర్పు కోసం నాలుగు వందల ఎడ్లు నిలబడి ఉన్నాయి ప్రభూ."

రాజు ఆ వైపు చూశాడు. బూడిదరంగు ఒళ్ళు, బిగిసిన మూపురాలు, నల్లటి గిట్టలు. తన పక్కన దండ నములుతున్న మందరాన్ని చూశాడు. దాన్ని తీసుకెళ్ళి వాటి మధ్యలో నిలబెడితే ఏది ఏదో తనకే తెలియదు. ఆయన మొహం ముందు ఎర్రబడింది. ఆ క్షణంలో ఏమైనా జరగొచ్చు.

రాజు ఆచార్యుల వైపు తిరిగి గంభీరంగా అడిగాడు. "మీ శాస్త్రం ఏమంటుందండీ?"

పృథులాచార్యులు ఒకసారి తన ఒంటిని కిందినుంచి పైదాకా చూసుకున్నారు. "ప్రభూ, నిజం చెబుతున్నాను. ఆ శాస్త్రం రాసేటప్పుడు నేను కూడా వేరే మేత మీద ఉన్నాను."

రాజు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. మొదట మీసాల్లో, ఆ తర్వాత పొట్ట పట్టుకుని. రాజు నవ్వాక కొలువు నవ్వింది. కొలువు నవ్వాక గుట్టల వాళ్ళు ఏడుపు ఆపి నవ్వారు. చాటింపు రద్దయింది. ఏటికి ఇవతలా అవతలా ఉన్న ఎడ్లన్నీ వెండికోట ఎడ్లేనని అక్కడికక్కడే కొత్త చాటింపు వేశారు.

బూదెమ్మ తన బుడ్డోడి చుట్టూ తిరిగి చూసి మూతి విరిచింది. "ఈ ఏనుగుని గుట్టెక్కించేదెట్టా? నగారా అబ్బాయిని ఓ వారం మాతో పంపియ్యి సామీ" అని రాజునే అడిగింది. రాజు సరేనన్నాడు.

నవ్వు తగ్గాక ఉద్దండ భూపతి పోలన్నను దగ్గరికి పిలిచాడు. "ఏమోయ్, నేను కూడా నాలుగు నెలలు ఆ గుట్ట మీద ఉండి వస్తే ఎలా ఉంటుందంటావ్?"

"ఒంటికి చాలా మంచిది ప్రభూ. తిరిగి రావడమే కష్టం. ఆచార్యులవారంటే నా సాక్ష్యం మీద లోపలికొచ్చారు. సన్నగా నాజూగ్గా వచ్చినవాడు రాజేనని చెబితే, గడ్డివాముల అధికారి మాట ద్వారపాలకుడు నమ్ముతాడా? ఏలినవారు బయల్దేరే ముందే నా ఉద్యోగం కాస్త పెంచి వెళ్ళడం మంచిది."

రాజు మళ్ళీ పగలబడి నవ్వి, తన ముత్యాల హారం తీసి పోలన్న మెడలో వేసి, రాజ్యంలోని పశువులన్నిటి మీదా అతన్ని మంత్రిని చేశాడు. గుట్టకు మాత్రం వెళ్ళలేదు.